చెక్ ఇంజన్ లైట్ వెలిగిందా..? పార్టు మార్చే ముందు కోడ్ చూడండి.. ఓబీడీ స్కానర్ ఇలా వాడాలి!

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజన్ బొమ్మ వెలిగితే చాలామందికి గుండె జారిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే ‘సెన్సార్ పోయింది సార్, మార్చాల్సిందే’ అంటారు. మార్చిన వారానికే మళ్లీ అదే లైటు! అసలు కారులోని కంప్యూటర్ ఏం చెబుతోందో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. అరచేతిలో పట్టే ఓబీడీ స్కానర్ చేసే పని ఇదే.

ఎక్కడ పెట్టాలి?

ఓబీడీ అంటే ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లలో ఓబీడీ-2 తప్పనిసరి. మన దగ్గర బీఎస్-6 కారైతే ఇది కచ్చితంగా ఉంటుంది. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర చూస్తే 16 పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. కొన్ని కార్లలో చిన్న మూత వెనక దాక్కుని ఉంటుంది. స్కానర్‌ను అందులో గుచ్చి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయాలి. రీడ్ కోడ్స్ నొక్కగానే పీ0301 లాంటి కోడ్ వస్తుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోవడం మంచిది. ఫ్రీజ్ ఫ్రేమ్ ఆప్షన్ ఉంటే అది కూడా చూడాలి. లోపం వచ్చిన క్షణంలో కారు వేగం, ఇంజన్ వేడి ఎంతున్నాయో అందులో ఉంటాయి.

కోడ్ అంటే పార్టు పేరు కాదు

ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే. పీ0171 అంటే ఇంజన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని అర్థం. అంతే. ఆక్సిజన్ సెన్సార్ పాడైందని కాదు. నిజానికి ఆ సంగతి పట్టించిందే ఆ సెన్సార్! పగిలిన వాక్యూమ్ పైపు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సార్, బలహీనపడిన ఫ్యూయల్ పంప్.. వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ముందు పైపులు చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.

పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్. సిలిండర్‌కో కాయిల్ ఉన్న పెట్రోల్ కారైతే దీనికి పాత మెకానిక్కుల చిట్కా ఒకటుంది. ఇంజన్ చల్లారాక ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండో దానికి, రెండో దాన్ని ఒకటికి మార్చి, కోడ్ చెరిపేసి కాసేపు నడపాలి. ఈసారి పీ0302 వస్తే కాయిలే దొంగ. మళ్లీ పీ0301 వస్తే స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్ వైపు చూడాలి. కొత్త కాయిల్ కొనకముందే విషయం తేలిపోతుంది.

లైట్ మిణుకు మిణుకుమంటూ ఉంటే మాత్రం ఇంటి ప్రయోగాలు వద్దు. మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం. అలాగే నడిపితే కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి, ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఎర్ర రంగులో ఆయిల్ లేదా టెంపరేచర్ లైట్ వస్తే స్కానర్ కాదు, వెంటనే బండి ఆపడమే ముఖ్యం.

చవక స్కానర్లు సాధారణంగా ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లోపాలు చాలా వాటికి అందవు. డీజిల్ కారులో డీపీఎఫ్ క్లీనింగ్ లాంటివి కూడా వాటితో కావు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

లైట్ వెలగట్లేదని సంబరపడొద్దు. అమ్మేవాళ్లు ఆ ఉదయమే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. స్కానర్‌లో ‘రెడీనెస్’ పేజీ తెరవండి. చాలా మానిటర్లు ‘నాట్ రెడీ’ అని చూపిస్తే, ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారు లేదా బ్యాటరీ వైరు తీశారు. బ్యాటరీ కొత్తగా వేసినా ఇలాగే చూపిస్తుంది కాబట్టి బిల్లు అడగండి. బిల్లు లేకపోతే కొన్ని రోజులు నడిపాక మళ్లీ స్కాన్ చేయనిస్తేనే అడ్వాన్స్ ఇస్తామని చెప్పండి.