పాద్రీల పుస్తకాల్లో మంచు దేశం, ముత్యాల తీరం

లుసైల్ పేరు వినగానే మన ఊళ్లలో 2022 డిసెంబరు 18 రాత్రి మెస్సి కప్పు ఎత్తిన స్టేడియమే అందరికీ గుర్తొస్తుంది. ఆ తేదీ ఖతర్ జాతీయ దినం కూడా. 1878లో అదే రోజున పాలన చేపట్టిన షేక్ జాసిమ్ బిన్ మొహమ్మద్ అల్ థానీ చివరి రోజులు గడిపింది లుసైల్‌లోనే. 1913లో ఇక్కడే కన్నుమూశాడు, సమాధీ ఇక్కడే ఉంది. 1893లో అల్ వజ్బా దగ్గర ఒట్టోమాన్ సైన్యాన్ని తిప్పికొట్టిన వీరుడాయన. అరేబియా ఎడారి జనం వాడుకభాషలో చెప్పుకునే నబతీ కవిత్వం చెప్పిన కవి కూడా.

ఈ నేల గురించి 19వ శతాబ్దపు యూరప్‌కు విస్తారంగా చెప్పినవాళ్లలో ముందువరసలో ఉన్నది ఒక పాద్రీ. పేరు విలియం గిఫర్డ్ పాల్‌గ్రేవ్. బొంబాయి సైన్యంలో లెఫ్టినెంటుగా పనిచేసి, ఆ కొలువు వదిలి జెస్యూట్ సంఘంలో చేరాడు. మూడో నెపోలియన్ ఇచ్చిన డబ్బుతో, సిరియా వైద్యుడి వేషంలో అరేబియాను అడ్డంగా దాటి 1863 మొదట్లో ఇప్పటి దోహాలో భాగమైన అల్ బిద్దా చేరాడు. అక్కడ జాసిమ్ తండ్రి మొహమ్మద్ బిన్ థానీని కలిశాడు. 1865లో పుస్తకం వచ్చింది. అదే ఏడు సంఘాన్నీ విడిచాడు. అతను చెప్పినవాటిలో కొన్నిటిని తర్వాతి యాత్రికులు, ముఖ్యంగా ఫిల్బీ, నమ్మలేదు.

ముత్యాల సంగతి మాత్రం పాల్‌గ్రేవ్ సరిగ్గానే పట్టుకున్నాడు. ఈ తీరం కడుపు నింపేది సముద్రమేనని రాశాడు. ఇక్కడ మునిగేవాళ్లు పడవ యజమాని నఖూదా దగ్గర ముందే అప్పు తీసుకుని, ఆ అప్పు తీర్చడానికే మళ్లీ మళ్లీ మునిగేవారు. మన పల్లెల్లో షావుకారు దగ్గర విత్తనాలకు అప్పుచేసి పంట మొత్తం అతనికే కొలిచే రైతు బతుకు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కానీ ఊరు దాటి లోపలికి వెళ్తే పాల్‌గ్రేవ్ చూపు మసకబారుతుంది. ఎడారిలో బతికే బెడూయిన్లు అతనికి ఊరిగోడల బయట పొంచి ఉన్న ముప్పుగానే కనిపించారు. ఉన్న కొద్దిరోజుల్లో, వేషం బయటపడుతుందన్న భయంతో, వాళ్ల గుడారంలో కూర్చుని వినే అవకాశం అతనికెక్కడిది?

ఇక్కడే నాకు గ్రీన్‌లాండ్ గుర్తొస్తుంది. 1721లో హాన్స్ ఎగెడే అనే పాద్రీ భార్యాబిడ్డలతో బెర్గెన్ నుంచి ఆ మంచు తీరానికి వెళ్లాడు. పాత నార్స్ సంతతివాళ్లు దొరుకుతారని వెతికితే, కనిపించింది ఇన్యుట్ ప్రజలు. పదిహేనేళ్లు వాళ్ల మధ్యే ఉన్నాడు. 1733లో మశూచి వచ్చి ఊళ్లను ఊళ్లే తుడిచిపెట్టినప్పుడు రోగులకు సేవచేసిన భార్య గెర్ట్రూడ్ రాస్క్ 1735లో అక్కడే చనిపోయింది. ఎగెడే రాసిన పుస్తకమూ, అక్కడే పనిచేసిన మొరావియన్ పాద్రీల దినచర్యల ఆధారంగా డేవిడ్ క్రాంట్స్ 1765లో తెచ్చిన గ్రీన్‌లాండ్ చరిత్రా యూరప్ అంతా చదివింది. అక్కడ తగవు వస్తే ఇద్దరూ జనం మధ్య నిలబడి, డప్పు కొడుతూ ఒకరినొకరు పాటల్లో ఎత్తిపొడుచుకునేవారు. ఎవరు నెగ్గారో విన్నవాళ్లే తేల్చేవారు. రక్తం చిందకుండా తగవు తీర్చే ఇలాంటి పద్ధతి ఒకటుందని యూరప్‌కు తెలిసింది ఈ పాద్రీల వల్లే. అయితే ఇన్యుట్ మంత్రగాళ్లయిన అంగక్కొక్‌లను ఎగెడే మోసగాళ్లుగానే చిత్రించాడు. మతం మార్చాలని వెళ్లినవాడికి వాళ్లలో పోటీదారే కనిపిస్తాడు. ఆ వంకర ఉన్నా, భాష నేర్చుకుని ఏళ్లతరబడి ఉన్నవాడి పుస్తకం వేషంలో వచ్చి వెళ్లినవాడి పుస్తకంకన్నా ఎక్కువకాలం పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

ఎగెడేకు అండగా ఉన్నది 1714లో కోపెన్‌హాగెన్‌లో పెట్టిన మిషన్ కాలేజీ. తమిళ తీరంలోని తరంగంబాడి మిషన్‌ను నడిపిందీ అదే. ఆ తరంగంబాడి నుంచి మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్జే తెలుగు నేర్చి బైబిలును అనువదించాడు. 1746-47లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అంటే గ్రీన్‌లాండ్ వేటగాళ్ల సంగతులూ, మన తెలుగువాళ్ల సంగతులూ ఒకే కార్యాలయానికి ఉత్తరాలుగా చేరేవి.

గ్రీన్‌లాండ్‌కూ ఖతర్‌కూ మధ్య కూడా ఒక ముడి ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. 1936 నుంచి గ్రీన్‌లాండ్ ప్రజలను ఫోటోలు తీసిన డేనిష్ మహిళ యెటే బాంగ్, 1959లో మానవశాస్త్రవేత్త క్లౌస్ ఫెర్డినాండ్‌తో కలిసి ఖతర్ ఎడారికి వచ్చింది. గుడారంలో పరాయి మగవాడు అడుగుపెట్టలేని ఆడవాళ్ల వైపు ఆమెకు తలుపు తెరుచుకుంది. ఇసుకలో మేకులు దిగ్గొట్టి, నేలమీదే పడుగు సాగదీసి, జింక కొమ్ముతో పేక బిగిస్తూ నేసే ఆడవాళ్ల పనిని ఆమె ఫోటోల్లో పట్టుకుంది. గుడారం బట్టా, లోపలి అడ్డుతెరా వాళ్ల చేతుల్లో పుట్టినవే. పాల్‌గ్రేవ్‌కు అందకుండా పోయిన ఖతర్ ఇదే. ఆమె 1964లో చనిపోయింది. ఆ యాత్రపై ఫెర్డినాండ్ పుస్తకం 1993లో గానీ రాలేదు.

ఇప్పుడు లుసైల్ తీరంలోని అల్ మహా దీవిలో, తూర్పుదేశాలను పడమటివాళ్లు ఎలా చిత్రించారో చూపే మ్యూజియం తలపెట్టారు. నమూనా హెర్జోగ్, ద మ్యూరాన్ సంస్థది. ఆ చిత్రాల పక్కనే షేక్ జాసిమ్ నబతీ పద్యాలకూ, యెటే బాంగ్ తీసిన ఆడవాళ్ల మగ్గాలకూ గోడమీద అంతే చోటు ఇవ్వాలి. ఈ ఊరి కట్టడాల మీద పనిచేసిన మన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు ఇంటికి పంపిన ఉత్తరాలకూ, ఫోన్లో దాచుకున్న ఫోటోలకూ అక్కడ ఒక గది కావాలి.