పత్తి విత్తనం ధరలో పేటెంటు పాత్ర ఎంత?

బయోటెక్నాలజీలో మేధో సంపత్తి హక్కుల గురించి మన దగ్గర రెండు వాదనలు గట్టిగా వినిపిస్తాయి. పేటెంటు లేనిదే పరిశోధన ముందుకు సాగదన్నది ఒకటి. పేటెంటే విత్తనాన్ని రైతుకు అందని ధరకు చేర్చిందన్నది మరొకటి. ఈ రెండింటినీ సరిచూసుకోవడానికి బీటీ పత్తి మంచి ఆధారం. అనుమతితో మన రైతులు పెద్ద ఎత్తున సాగుచేస్తున్న జన్యుమార్పిడి పంట ఇదొక్కటే. దాని ధరలు, ఫీజులు, కోర్టు తగాదాలు చాలావరకు రికార్డుల్లో ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తే రెండు వాదనలూ సగమే నిలుస్తాయి.

పేటెంటు లేకుండానే రాయల్టీ

మహికో సంస్థకు చెందిన మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు కేంద్రం 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. వాటిలో ఉన్న బోల్‌గార్డ్-1 జన్యువుకు భారత్‌లో పేటెంటు లేదు. అయినా మహికో, మోన్‌శాంటోల ఉమ్మడి సంస్థ మహికో మోన్‌శాంటో బయోటెక్ దేశీయ విత్తన కంపెనీలకు సబ్‌లైసెన్సులు ఇచ్చి, అమ్మిన ప్రతి ప్యాకెట్ మీద జన్యు గుణానికిగాను ట్రెయిట్ ఫీజు వసూలు చేసింది. 2005లో 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటితే, అందులో ఈ ఫీజే 1,250 రూపాయల దాకా ఉంది.

ఇందుకు మూడు కారణాలు కనిపిస్తాయి. జన్యువున్న మూల విత్తనం ఒప్పందం మీద సంతకం పెడితే తప్ప చేతికి రాదు. జీవభద్రత పరీక్షల సమాచారం, దానిపై వచ్చిన అనుమతి కూడా అదే సంస్థ దగ్గర ఉన్నాయి. మూడోది, మన మార్కెట్లో బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడ్. ఈ ఏడు తీసిన గింజను వచ్చే ఏడు విత్తితే మొక్కలు ఒకే తీరుగా రావు, దిగుబడి పడిపోతుంది. రైతు విత్తనం దాచుకోవచ్చనీ, ఇరుగుపొరుగుతో మార్చుకోవచ్చనీ, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చనీ 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చెబుతోంది. హైబ్రిడ్ పత్తి వేసిన రైతుకు ఆ హక్కు అక్కరకు రాలేదు.

విత్తనం దాచుకోగల బీటీ రకం కోసం ప్రభుత్వ పరిశోధన సంస్థలు ప్రయత్నించాయి. బికనేరి నర్మా బీటీకి 2008లో అనుమతి కూడా వచ్చింది. అందులో మోన్‌శాంటో జన్యువు కలిసినట్టు తేలడంతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ కథలో రైతుకు జరిగిన అతి పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం.

ధర ఎలా దిగింది?

2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. ఫీజు తగ్గించాలని కమిషన్ ఆ ఏడాది మేలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్రం ప్యాకెట్ ధరను 750 రూపాయలకు కట్టడి చేసి, మరుసటి ఏడాది పత్తి విత్తనాల ధరలపై ప్రత్యేక చట్టం తెచ్చింది.

రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 విషయంలో మాత్రం 2008లో భారతీయ పేటెంటు మంజూరైంది. అయినా ఫీజు కిందికే దిగింది. 2016లో కేంద్రం ప్యాకెట్ ధర 800 రూపాయలుగా నిర్ణయించింది. అందులో విత్తనానికి 751, ట్రెయిట్‌కు 49. అంతకుముందు ట్రెయిట్ వాటా 163 రూపాయలు. 2018లో అది 39కి, 2019లో 20కి తగ్గి, 2020లో సున్నా అయింది. పేటెంటు లేనప్పుడు 1,250, ఉన్నప్పుడు 49. ధరను శాసించింది పేటెంటు ఒక్కటే కాదనడానికి ఈ అంకెలే సాక్ష్యం.

తేలని ప్రశ్న

ఫీజు దగ్గర మొదలైన తగాదాలో మోన్‌శాంటో 2015లో హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్ సబ్‌లైసెన్సును రద్దు చేసింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు, వాటి భాగాలకు పేటెంటు ఉండదు. సూక్ష్మజీవులకు మాత్రం ఉండొచ్చు. మరి ప్రయోగశాలలో తయారైన జన్యు శ్రేణి విత్తనంలో చేరాక దేని కిందికి వస్తుంది? పేటెంటు చెల్లదని 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచి తీర్పు చెప్పింది. ఇంత సంక్లిష్టమైన విషయాన్ని నిపుణుల సాక్ష్యం వినకుండా తేల్చకూడదంటూ సుప్రీంకోర్టు 2019 జనవరి 8న ఆ తీర్పును పక్కన పెట్టి, కేసును విచారణకు పంపింది. 2021లో ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి. ప్రశ్న అలాగే ఉండిపోయింది.

సాక్ష్యం ఎంతవరకు?

సాంకేతికత వల్ల మేలే జరగలేదనడం సరికాదు. ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 2002-2008 మధ్య సేకరించిన సమాచారంతో పరిశోధకులు కథాగే, ఖైమ్ 2012లో వెలువరించిన అధ్యయనం బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం పెరిగిందని అంచనా వేసింది. క్రాంతి, స్టోన్ 2020లో ఇంకా దీర్ఘకాలాన్ని పరిశీలించి, దిగుబడి పెరుగుదలలో ఎరువులు, సాగునీటి పాత్రే ఎక్కువని వాదించారు. గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడంతో రైతుల మందుల ఖర్చు మళ్లీ పెరిగిందని చూపారు. రెండు అధ్యయనాలూ ఒకే కాలాన్ని కొలవలేదు కాబట్టి ఒకదానితో మరొకదాన్ని కొట్టేయలేం.

ధరల నియంత్రణకూ మూల్యం ఉంది. లైసెన్సులపై కేంద్రం ప్రతిపాదించిన నిబంధనలను తప్పుపడుతూ మోన్‌శాంటో 2016లో కలుపు మందును తట్టుకునే కొత్త పత్తి దరఖాస్తును ఉపసంహరించుకుంది. ఆ తర్వాత అలాంటి గుణమున్న అనుమతి లేని విత్తనాలు ఆంధ్ర, తెలంగాణ చేలలో కనిపించాయి. మొదటిదే రెండోదానికి కారణమని చెప్పడానికి ఆధారం చాలదు. కానీ బిల్లు లేని విత్తనం మొలవకపోతే రైతు ఎవరినీ నిలదీయలేడన్నది మాత్రం వాస్తవం.

ముందున్న పని

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో జన్యు సవరణతో రూపొందించిన 'కమల' రకాన్ని 2025 మేలో ప్రకటించారు. వరి మనదే అయినా, సవరణకు వాడిన క్రిస్పర్ పద్ధతిపై కీలక పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. కాబట్టి పత్తి నేర్పిన పాఠాలు ఇప్పుడే పనికి రావాలి. ప్రజాధనంతో తయారైన విత్తనం రైతు ఇంటికి చేరకముందే దాని లైసెన్సు షరతులను ప్రజల ముందు పెట్టాలి. సెక్షన్ 3(జె) పరిధిపై పార్లమెంటైనా, కోర్టైనా స్పష్టత ఇవ్వాలి. రైతు దాచుకోగల రకాల కోసం ప్రభుత్వ సంస్థలకు నిధులు పెంచాలి. పేటెంటుపై వాదన ఎంత సాగినా, ఈ మూడూ జరగనిదే రైతుకు ఎంచుకునే వీలు దక్కదు.