స్టేటస్ పెట్టొచ్చా, ముగ్గు వేయొచ్చా? మాట్లాడే హక్కు గురించి ప్రతి ఇంట్లో తెలియాల్సిన సంగతులు

"ఆ స్టేటస్ తీసెయ్ బేటా, లేనిపోని గొడవ మనకెందుకు?" ఈ మాట వినని పిల్లలు మన ఇళ్ళల్లో తక్కువ. 2020 జనవరిలో ధర్నాచౌక్‌కి వెళ్ళొచ్చి ఫోటోలు పెడితే మా అమ్మీ కూడా ఇదే అంది. నిద్ర లేపి మరీ తీయించింది. ఆమె భయంలో తప్పు లేదు. ఒక్క పోస్టుకి జైలుకి పోయినవాళ్ళ వార్తలు ఆమె కూడా చూస్తుంది కదా. కానీ ఆ కేసులు తర్వాత కోర్టులో ఏమయ్యాయన్నది మన దాకా రాదు. అరెస్టు మొదటి పేజీలో వస్తుంది, కేసు కొట్టేసిన వార్త లోపలి పేజీలో ఎక్కడో ఒక మూలన ఉంటుంది.

దీనివల్ల రెండు నష్టాలు. చెప్పాల్సిన మాట కూడా చెప్పకుండా కొందరు నోరు కట్టేసుకుంటున్నారు. ఇంకొందరు గీత ఎక్కడుందో తెలియక దాటేస్తున్నారు. ఫోన్‌లో పెట్టే పోస్టుకి, రోడ్డు మీద చేసే నిరసనకి చట్టంలో ఉన్న రక్షణ ఎంత, హద్దు ఎక్కడ అన్నది కోర్టు తీర్పుల ఆధారంగా ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

రాజ్యాంగంలో ఏముంది?

ఆర్టికల్ 19(1)(ఎ) ప్రతి పౌరుడికి మాట్లాడే, భావాలు చెప్పుకునే స్వేచ్ఛ ఇచ్చింది. మాట అంటే నోటితో చెప్పేది ఒక్కటే కాదు. కవిత, కార్టూన్, నాటకం, పాట, ప్లకార్డు, మీమ్ అన్నీ ఇందులోకే వస్తాయి. 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇచ్చింది.

ఈ హక్కుకి హద్దులు ఆర్టికల్ 19(2)లో ఉన్నాయి. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ఉసిగొల్పడం. ప్రభుత్వం మాటకి అడ్డం పడాలంటే ఈ లిస్టులోని కారణం ఒకటి చూపించాలి, ఆ ఆంక్ష సహేతుకంగా కూడా ఉండాలి. "ఎవరికో నచ్చలేదు", "మంత్రిగారికి కోపం వచ్చింది" అన్నవి ఈ లిస్టులో లేవు.

లైక్ కొట్టినందుకు అరెస్టు: 66ఎ కథ

2012 నవంబర్‌లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై బంద్ అయింది. ఆ బంద్‌ని ప్రశ్నిస్తూ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె ఫ్రెండ్ దానికి లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అప్పట్లో ఇలాంటి అరెస్టులకి ఎక్కువగా వాడింది ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఎ. ఎదుటివాళ్ళకి చికాకు, అసౌకర్యం కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ళ వరకు జైలు వేయొచ్చని ఆ సెక్షన్ చెప్పేది. చికాకు అంటే ఏమిటో మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఇది మన దగ్గరా జరిగింది. 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక పౌరహక్కుల నాయకురాలిని ఇదే సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ వెంటనే విషయం సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. పై అధికారుల అనుమతి లేకుండా 66ఎ కింద ఎవరినీ అరెస్టు చేయొద్దని కోర్టు చెప్పింది.

చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 66ఎని సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ నారిమన్. బెంచ్‌లో రెండో జడ్జి మన కృష్ణా జిల్లావాసి జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఈ తీర్పులో గుర్తుపెట్టుకోవాల్సింది మూడు మెట్లు. ఒక విషయం గురించి చర్చించడం మొదటిది, దాన్ని గట్టిగా సమర్థించి ప్రచారం చేయడం రెండోది, జనాన్ని నేరానికి ఉసిగొల్పడం మూడోది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా హక్కు కిందే ఉంటాయి. చట్టం చేయి వేయగలిగేది మూడో మెట్టు దగ్గరే.

కొట్టేసిన సెక్షన్ మీద కూడా చాలా స్టేషన్లలో ఆ తర్వాతా కేసులు పెడుతూనే వచ్చారు. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ కలగజేసుకుని, 66ఎ కింద ఇక ఎవరినీ విచారించకూడదని ఆదేశించాల్సి వచ్చింది.

వాట్సాప్ స్టేటస్ మీద కేసు

కొల్హాపూర్‌లోని ఒక కాలేజీలో పనిచేసే కశ్మీరీ ప్రొఫెసర్ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టారు. ఆర్టికల్ 370 రద్దయిన ఆగస్టు 5ని బ్లాక్ డే అన్నారు. ఆగస్టు 14న పాకిస్తాన్‌కి స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు చెప్పారు. వర్గాల మధ్య శత్రుత్వం పెంచుతున్నారని 153ఎ కేసు పెట్టారు. బాంబే హైకోర్టు కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు.

2024 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది, ఇంకో దేశానికి వాళ్ళ స్వాతంత్ర్య దినం రోజు మంచి జరగాలని కోరడం నేరం కాదు అని చెప్పింది. ఆయన మతాన్ని బట్టి ఉద్దేశం అంటగట్టడానికి వీల్లేదని కూడా చెప్పింది. భావప్రకటన స్వేచ్ఛ గురించి పోలీసులకి నేర్పించాల్సిన టైమ్ వచ్చిందని తీర్పులోనే రాసింది.

నజ్మ్ మీద కేసు

కాంగ్రెస్ రాజ్యసభ ఎంపీ, ముషాయిరాల ద్వారా మనందరికీ తెలిసిన షాయర్ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో సామూహిక వివాహాలకి వెళ్ళొచ్చి ఎక్స్‌లో చిన్న వీడియో పెట్టారు. వెనక ఒక ఉర్దూ నజ్మ్ వినిపిస్తుంది. అది రెచ్చగొట్టేలా ఉందని 2025 జనవరి 3న ఎఫ్‌ఐఆర్ వేశారు. గుజరాత్ హైకోర్టులో ఊరట దొరకలేదు.

2025 మార్చి 28న జస్టిస్ ఓకా, జస్టిస్ భుయాన్ ఆ ఎఫ్‌ఐఆర్‌ని కొట్టేశారు. ఆ నజ్మ్ అన్యాయాన్ని ప్రేమతో భరించమంటోందే తప్ప హింస చేయమనలేదని అన్నారు. ఈ తీర్పులో సామాన్యులకి పనికొచ్చే పాయింట్లు రెండున్నాయి.

ఒకటి, మాటని కొలిచే తూకం. ప్రతిదానికీ ఉలిక్కిపడే మనిషికి ఆ మాట ఎలా తోస్తుందన్నది కాదు, గుండె దిటవున్న మామూలు మనిషి దాన్ని ఎలా తీసుకుంటాడన్నది చూడాలి.

రెండు, తొందరపడి ఎఫ్‌ఐఆర్ వేయకూడదు. మూడేళ్ళు, ఆపైన, ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరమని ఫిర్యాదు వస్తే, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3)లో ఉంది. మాటలు, రాతల కేసుల్లో ఎప్పుడూ ఆ దారిలోనే వెళ్ళడం సరైనదని కోర్టు చెప్పింది.

2025 సెప్టెంబర్ 10న తెలంగాణ హైకోర్టు కూడా ఇదే బాటలో నడిచింది. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ పెట్టిన ఎక్స్ పోస్టుల మీద ఎఫ్‌ఐఆర్‌లని కొట్టేసి, సోషల్ మీడియా కేసుల్లో పోలీసులు పాటించాల్సిన నియమాలు రాసిచ్చింది. ఘాటైన రాజకీయ విమర్శకి యాంత్రికంగా కేసు పెట్టొద్దు, ఫిర్యాదు చేసినాయనకి అసలు ఆ విషయంతో సంబంధం ఉందో లేదో ముందు చూడాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

రోడ్డు మీద: ముగ్గు, వంట, లైబ్రరీ

నిరసన అంటే నినాదాలు ఒక్కటే కాదని తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. తెలంగాణ ఉద్యమంలో రోడ్ల మీద వంటావార్పు చూశాం, ధూంధాం పాటలు విన్నాం. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు ఇదే పద్ధతి కొత్త రూపాల్లో కనిపించింది. ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో ఆడవాళ్ళు చలిలో కూర్చుంటే, పక్కన బస్టాప్‌లో ఫాతిమా షేక్, సావిత్రిబాయి ఫూలే పేర్లతో లైబ్రరీ వెలిసింది. ఇండియా గేట్ నమూనా, ఇనుముతో పెద్ద దేశపటం నిలబెట్టారు. చెన్నై బీసెంట్ నగర్‌లో డిసెంబర్ 29న ముగ్గులు వేసి నిరసన చెప్పిన కొందరిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఆ వార్త పాకగానే ఊరూరా వాకిళ్ళలో అదే ముగ్గు పడింది. వీధిలో పుట్టిన బొమ్మని ఫోన్ దేశమంతా తిప్పింది, ఫోన్‌లో చూసినవాళ్ళు మళ్ళీ వీధిలోకి వచ్చారు.

షాహీన్‌బాగ్ మీద సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 7న తీర్పిచ్చింది. శాంతియుత నిరసన హక్కేనని ఒప్పుకుంది. కానీ నలుగురు నడిచే రోడ్డుని ఎంతకాలమైనా ఆక్రమించుకుని కూర్చోవడం కుదరదు, నిరసనలు కేటాయించిన స్థలాల్లో జరగాలి అంది. ఇంటర్నెట్ ఉద్యమాలకి బలం ఇస్తూనే, రెండు వైపులవాళ్ళూ ఒకరి మాట ఒకరు వినని పరిస్థితి కూడా తెస్తోందని అందులోనే రాసింది. మనలో చాలామందికి ఈ తీర్పు నచ్చలేదు. అయినా ఇవాళ్టికి చట్టం అదే.

మన హైదరాబాద్‌లో కేటాయించిన స్థలం అంటే ఇందిరాపార్క్ ధర్నాచౌక్. 2017లో దాన్ని మూసేస్తే, హైకోర్టుకి వెళ్ళాక గానీ మళ్ళీ తెరుచుకోలేదు. 2020 జనవరి 4న మిలియన్ మార్చ్ జరిగింది అక్కడే. పెట్టిన షరతులు దాటారంటూ ఆ తర్వాత నిర్వాహకులపై కేసులు పెట్టారు. కాబట్టి అనుమతి పత్రంలో ఎంతమంది, ఎన్ని గంటలు, మైకు ఉందా లేదా అన్నవి పూర్తిగా చదివే సంతకం పెట్టండి. గోడ మీద బొమ్మ వేయాలంటే గోడ యజమానిని అడగండి. గోడల మీద రాతలు, పోస్టర్ల గురించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే చట్టం ఉంది.

నెట్ కట్ చేస్తే?

2019 ఆగస్టులో కశ్మీర్‌లో నెట్ ఆపేశారు. 2020 జనవరి 10న జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ సుభాష్ రెడ్డి, జస్టిస్ గవాయ్ బెంచ్ తీర్పిచ్చింది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటానికి, వ్యాపారం చేసుకోవడానికి కూడా రాజ్యాంగ రక్షణ ఉందని తేల్చింది. గడువు లేకుండా నెట్ ఆపడం చెల్లదు. ఆపితే ఆ ఉత్తర్వు బయటపెట్టాలి, అప్పుడే జనం దాన్ని కోర్టులో సవాలు చేయగలరు. 144 సెక్షన్‌ని కూడా న్యాయమైన అభిప్రాయాన్ని నొక్కేయడానికి వాడకూడదని చెప్పింది. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 163.

గీత ఎక్కడుంది?

ఇంతదాకా చదివి అంతా మనవైపే ఉందనుకుంటే పొరపాటు. 2018 మేలో చాంద్రాయణగుట్టలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో తిరిగిన పుకారు నమ్మి, ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఐదు చాట్‌లకి పరిమితం చేసింది. దాని వెనక ఇలాంటి చావులున్నాయి.

నేనేం రాయలేదు, వచ్చింది పంపానంతే అన్న జవాబు కోర్టులో నిలవదు. మహిళా జర్నలిస్టులని కించపరిచే పోస్టుని 2018లో ఫేస్‌బుక్‌లో పంచుకున్న తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ ఇదే వాదన చేశారు. 2023లో మద్రాస్ హైకోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టూ కలగజేసుకోలేదు. గ్రూప్ అడ్మిన్ సంగతి వేరు. వేరే మెంబర్ పెట్టిన పోస్టుకి అడ్మిన్ అన్న ఒక్క కారణంతో శిక్ష పడదని బాంబే, కేరళ హైకోర్టులు చెప్పాయి.

2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితలో చూసుకోవాల్సిన సెక్షన్లు ఇవి. 196 అంటే వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం. 299 అంటే కావాలని దురుద్దేశంతో మతాన్ని అవమానించడం. 353 అంటే అలజడి రేపే పుకార్లు. 152 అంటే దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకి ముప్పు తేవడం. పాత రాజద్రోహం సెక్షన్ 124ఎని 2022 మేలో సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది, ఇప్పుడు అలాంటి కేసులకి 152 వాడుతున్నారు. ఇందులో యావజ్జీవం దాకా ఉంది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు.

పోస్ట్ చేసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నిజమేనా, నేను చూసుకున్నానా? నేను విమర్శిస్తున్నది పనినా, లేక ఒక మతంలో, కులంలో పుట్టినవాళ్ళందరినీనా? ఇది చదివి ఎవరైనా ఎవరినైనా కొట్టడానికి బయల్దేరే అవకాశం ఉందా?

పోలీసులు పిలిస్తే

- ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో సాధారణంగా ముందు నోటీసు ఇవ్వాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) అదే. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు చేతికి అందాక మాత్రం తప్పకుండా హాజరవ్వండి. హాజరు కాకపోతే అదే అరెస్టుకి కారణమవుతుంది.
- అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి తెలియజేయాలి, ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి.
- ప్రత్యేక పరిస్థితి ఉండి మెజిస్ట్రేట్ అనుమతిస్తే తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదు.
- 18 ఏళ్ళు నిండని పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్ళాలి.
- పోస్టు, తేదీ, టైమ్, కింద వచ్చిన కామెంట్లు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. భయపడి ఫోన్ ఖాళీ చేస్తే మీ ఉద్దేశం మంచిదని చూపించే ఆధారమూ పోతుంది.
- వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది.

పైన చెప్పిన కేసుల్లో గెలిచినవాళ్ళు కూడా ఊరికే గెలవలేదు. కొందరు ఏళ్ళ తరబడి తిరిగారు, ఖర్చుపెట్టారు. అందుకే అమ్మీల భయాన్ని తీసిపారేయలేం. కానీ ఆ భయానికి మందు మాట్లాడకపోవడం కాదు, చట్టం తెలుసుకోవడం. ఉర్దూలో హఖ్ అన్నా, తెలుగులో హక్కు అన్నా ఒకే మాట. ఆ మాట మనింట్లో రెండు భాషల్లోనూ ఉంది, దాని అర్థం కూడా పిల్లలకి చెప్పి ఉంచుదాం. ఈసారి "స్టేటస్ తీసెయ్" అనేముందు ఒక్కసారి కూర్చుని, ఆ స్టేటస్‌లో ఏముందో ఇద్దరూ కలిసి చదవండి.