క్రిమిని చంపని మందు

మందుల షాపుకెళ్లి ‘625’ అంటే చాలు, పేరు చెప్పక్కర్లేదు. చీటీ లేకుండానే ఇచ్చేస్తారు కూడా. ఇవ్వకూడదు, అది వేరే సంగతి. ఆ మాత్రలో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్, అంటే పెన్సిలిన్ కుటుంబం మందు. మిగతా 125 క్లావులానిక్ ఆమ్లం. బ్యాక్టీరియాను చంపడంలో దాని శక్తి అంతంతమాత్రమే. అలాంటిదాన్ని పనిగట్టుకుని వెతికినవాళ్లున్నారు.

1940 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ ఏబ్రహామ్, ఎర్నెస్ట్ చెయిన్ ‘నేచర్’ పత్రికలో ఓ చిన్న లేఖ ప్రచురించారు. మన పేగుల్లో ఉండే ఈ-కోలై నుంచి తీసిన ఒక ఎంజైము పెన్సిలిన్‌ను నాశనం చేస్తోందని దాని సారాంశం. ఆక్స్‌ఫర్డ్‌లో తొలి రోగికి పెన్సిలిన్ వైద్యం మొదలైంది ఆ తర్వాతే, 1941 ఫిబ్రవరిలో. మందు ఆసుపత్రికి చేరకముందే దాని విరుగుడు బయటపడిందన్నమాట! పెన్సిలిన్ బలమంతా బీటా-లాక్టమ్ అనే నాలుగు పరమాణువుల వలయంలో ఉంది. ఈ ఎంజైము ఆ వలయాన్నే తెంపేస్తుంది. అందుకే తర్వాత దానికి బీటా-లాక్టమేజ్ అన్న పేరు స్థిరపడింది.

ఎంజైముకు చిక్కని పెన్సిలిన్లు తయారుచేయడం ఒక దారి. బ్రిటన్‌లోని బీచమ్ కంపెనీ 1960లో తెచ్చిన మెథిసిలిన్ అలాంటిదే. 1960ల చివర్లో అదే కంపెనీ ఎంజైమునే అడ్డుకునే రెండో దారి పట్టింది. సర్రే ప్రాంతంలోని బ్రోకమ్ పార్క్ ప్రయోగశాలలో జార్జ్ రోలిన్సన్ బృందం వాడిన పరీక్ష ముచ్చటైనది. అగార్ పళ్లెంలో పెన్సిలిన్ కలిపి, అందులోనే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాను పెంచారు. ఎంజైము అండ ఉంది కనుక అది నిక్షేపంగా పెరుగుతుంది. మట్టి సూక్ష్మజీవులను పెంచిన ద్రవాలను ఆ పళ్లెంలో పెట్టి చూశారు. ఏ ద్రవమైనా ఎంజైమును ఆపితే, పళ్లెంలో ముందే ఉన్న పెన్సిలిన్ పని కానిస్తుంది, అక్కడ క్లెబ్సియెల్లా పెరగదు. చంపే మందు కోసమే వెతికే మామూలు పరీక్షకు ఇలాంటి పదార్థం ఆనదు. ఈ కథలో అసలు తెలివంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

అలా చిక్కినదే క్లావులానిక్ ఆమ్లం. దాన్ని తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ కొత్తదేమీ కాదు. దక్షిణ అమెరికా మట్టిలో దొరికిన ఆ జీవి గురించి ఎలీ లిల్లీ కంపెనీ శాస్త్రవేత్తలు 1971లోనే రాశారు, వేరే యాంటీబయాటిక్‌ల సందర్భంలో.

క్లావులానిక్ ఆమ్లంలోనూ బీటా-లాక్టమ్ వలయముంది. పెన్సిలినే అనుకుని ఎంజైము దాన్ని తెంచబోతుంది, ఎర మింగిన చేపలా ఇరుక్కుపోతుంది. ఈలోగా అమాక్సిసిలిన్ తన పని చేసుకుంటుంది. ఈ జోడీ 1981లో బ్రిటన్‌లో ఆగ్మెంటిన్ పేరుతో వచ్చింది. సల్బాక్టమ్, టాజోబాక్టమ్ అదే బాటలో నడిచాయి. చెన్నైకి చెందిన ఆర్కిడ్ ఫార్మాలో పుట్టిన ఎన్మెటాజోబాక్టమ్‌కు, సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్‌తో జోడీగా, 2024లో అమెరికా అనుమతి దక్కింది. అయితే జింకు సాయంతో పనిచేసే ఎన్‌డీఎమ్-1 లాంటి ఎంజైములను ఆపడం ఈ నాలుగింటిలో దేనివల్లా కాదు.