వైద్య, నర్సింగ్ విద్యలో కంప్యూటరు బోధన: చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

వైద్య, నర్సింగ్ విద్యార్థులకు కంప్యూటరు నేర్పడమంటే మీటలు నొక్కడం, తెరపై గడులు నింపడం నేర్పడమేనని భావించడం కద్దు. ఈ బోధన తొలి దశను పరిశీలిస్తే దాని లక్ష్యం అది కాదని, విద్యార్థి చేత సరైన ప్రశ్న అడిగించడమని తెలుస్తుంది. ఆ లక్ష్యం క్రమంగా ఎలా మారిందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. బోధకురాలిగా యంత్రం

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డొనాల్డ్ బిట్జర్ నాయకత్వాన 'ప్లేటో' అనే కంప్యూటరు బోధనా వ్యవస్థ రూపొందింది. ఆయన భార్య, స్వయంగా నర్సు అయిన మేరీయాన్ బిట్జర్ ఆ దశాబ్దపు తొలి సంవత్సరాలలోనే దానిపై నర్సింగ్ పాఠాన్ని సిద్ధం చేశారు. పాఠ్యవిషయం గుండెపోటుకు గురైన రోగి సంరక్షణ. ఈ పాఠం విషయాన్ని వరుసగా వల్లించదు. రోగి గురించి ఏమి తెలుసుకోవాలో విద్యార్థే నిర్ణయించుకొని అడగాలి. పొరపాటు జరిగినా హాని పొందే రోగి అక్కడ లేడు.

3. పనిముట్టుగా యంత్రం

1968లో లారెన్స్ వీడ్, వైద్య రికార్డు రోగి సమస్యల వారీగా ఉండాలని, అది చికిత్సకుని ఆలోచనకు దారి చూపాలని ప్రతిపాదించారు. 1970లలో వెర్మాంట్‌లో ఆయన బృందం రూపొందించిన 'ప్రామిస్' వ్యవస్థలో వైద్యులు, నర్సులు తెరను తాకి రోగి వివరాలను తామే నమోదు చేసేవారు. 1986లో అమెరికా వైద్య కళాశాలల సంఘం వైద్య సమాచార శాస్త్రం పాఠ్యప్రణాళికలో భాగం కావాలని సూచించింది. ఆ విధంగా బోధనా సాధనమే బోధనాంశమైంది.

4. భారతీయ సందర్భం

భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ ప్రణాళికలో ఆరోగ్య, నర్సింగ్ సమాచార సాంకేతికత ఒక ప్రత్యేక కోర్సుగా చేరింది. తెలుగు రాష్ట్రాల నర్సింగ్ కళాశాలలకూ ఈ ప్రణాళికే వర్తిస్తుంది. అదే సంవత్సరం సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. కనుక ఈ విద్యార్థుల చేతిలో నమోదయ్యే వివరం ఒక వార్డుకే పరిమితం కాదు. రోగి సమ్మతితో మరో ఆసుపత్రికీ చేరగలదు.

5. ముగింపు

ప్లేటో పాఠంలో విద్యార్థి అడిగేది, యంత్రం చెప్పేది. నేటి రికార్డులో యంత్రం గడి చూపుతుంది, విద్యార్థి నింపుతుంది. రక్తపోటు కొలవకుండా పై వరుసలోని అంకెనే దించినా యంత్రం చాలాసార్లు స్వీకరిస్తుంది, నష్టపోయేది రోగి. కాబట్టి ప్రయోగశాల పరీక్షలో గడులు నింపించడంతో సరిపెట్టకుండా, పరస్పర విరుద్ధమైన వివరాలున్న రికార్డునిచ్చి 'ఇందులో ఏది నమ్మరాదు? ఎందుకు?' అని అడగడం సముచితం. అలా చేసినప్పుడే ఈ బోధన తన తొలి లక్ష్యానికి చేరువవుతుంది.