నాన్న చెవులూ, డీటీఎస్ కథా

మొన్న పండక్కి కోడుమూరు వెళ్తూ బ్లూరే ప్లేయరూ, రిసీవరూ మోసుకెళ్లి బిగించా. సినిమా మొదలైన ఐదు నిమిషాలకే నాన్న "ఏమ్రా, ఇంతేనా? కర్నూల్లో మాస్టర్ చూసినప్పుడు ఇంకా బాగుండె" అనేశాడు. 1997లో వచ్చిన ఆ సినిమానే తెలుగులో తొలి డీటీఎస్ అంటారు లెండి.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. రిసీవర్ మీద చూస్తే ఉత్త డీటీఎస్ అని ఉంది, హెచ్‌డీ లేదు!

దీనికో చరిత్ర ఉంది. 1993లో జురాసిక్ పార్క్‌తో డీటీఎస్ హాళ్లలోకి వచ్చినప్పుడు ఆ శబ్దం రీలు మీద కాదు, విడిగా సీడీల్లో ఉండేది. రీలు మీది టైంకోడ్ రెంటినీ కలిపి నడిపేది. కోడ్ చెడితే మెషీను గుట్టుగా రీలు మీది మామూలు ట్రాక్‌కి మారిపోయేది. సౌండ్ ఆగదు కాబట్టి ఎవరూ అడగరు.

ఇంట్లోకొచ్చిన డీటీఎస్ హెచ్‌డీదీ అదే బుద్ధి. పూర్తి ధ్వని సెకనుకు 24.5 మెగాబిట్ల దాకా పోతుంది, అందులోనే 1.5 మెగాబిట్ల పాత డీటీఎస్ కూడా ఉంటుంది. ఆప్టికల్ కేబుల్ పాతదాన్నే మోయగలదు. పూర్తిదాన్ని విప్పకుండా రిసీవర్‌కి పంపే వీలు 2006లో హెచ్‌డీఎంఐ 1.3తో వచ్చింది. నేను పెట్టింది ఆప్టికల్!

కేబుల్ మార్చినా రాలేదు. ప్లేయర్లో సెకండరీ ఆడియో ఆపి, బిట్‌స్ట్రీం ఎంచుకున్నాక హెచ్‌డీ అని వెలిగింది.

ఇంజనీరింగ్ చదివిన నాకు డబ్బా మీది అక్షరాలు చూస్తేగానీ తెలీలేదు. నాన్నకు మాత్రం వింటేనే తెలిసింది.