దస్తావేజులో రెండో సగం

పోయినేడాది మా టీములోకి కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఒకమ్మాయిని నాకు అప్పగించారు. "నువ్వే మెంటార్‌వి, తను ఏమేం నేర్చుకోవాలో ఒక ప్లాన్ రాసి పంపు" అని మెయిలొచ్చింది. నేను చేసిందేంటంటే, అంతకు ముందు ఇంకొకతని కోసం వాడిన ఫారం తెరిచి, పేరూ తేదీలూ మార్చి పంపేశాను. మొత్తం పది నిమిషాల పని. మూడు నెలలయ్యాక ఆ అమ్మాయి ఆ కాగితం ముందేసుకుని అడిగింది: "ఇందులో నేనేం చెయ్యాలో అంతా ఉంది. మీరేం చేస్తారో ఎక్కడా లేదేంటండీ?"

అప్పటికి నవ్వేసి తప్పించుకున్నాను గానీ ఆ ప్రశ్న వదల్లేదు. పని చేస్తూ పని నేర్చుకునేవాళ్ళ కోసం కాగితం రాసుకోవడం అసలెప్పట్నుంచీ ఉందా అని చదవడం మొదలుపెట్టాను. తేలిందేంటంటే, ఒకప్పుడు ఆ కాగితంలో సగం నేర్పేవాడి గురించే ఉండేది. అది తర్వాత ఎక్కడో జారిపోయింది. ఈ టపా ఆ జారిపోయిన సగం గురించి.

ఇంగ్లండులో 1563లో ఎలిజబెత్ రాణి కాలంలో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక వృత్తి చేసుకోవాలంటే కనీసం ఏడేళ్ళు ఒక మాస్టర్ దగ్గర అప్రెంటిస్‌గా ఉండి తీరాలి. ఈ ఒప్పందపు దస్తావేజుని ఇండెంచర్ అనేవారు. పేరు వెనక కథ తమాషాగా ఉంటుంది. ఒకే తోలుకాగితం మీద అదే ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపం పళ్ళలాగా వంకరటింకరగా కోసేవారు. ఒక ముక్క మాస్టర్‌కి, ఒక ముక్క కుర్రాడి తరఫువాళ్ళకి. రేపు గొడవొస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే పళ్ళు కలవాలి. లాటిన్‌లో 'పన్ను' అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది.

అందులో ఏముండేది? కుర్రాడు జూదమాడకూడదు, సారాకొట్ల చుట్టూ తిరగకూడదు, గడువు తీరేదాకా పెళ్ళి చేసుకోకూడదు, యజమాని రహస్యాలు బయటపెట్టకూడదు. ఇవన్నీ ఒక వైపు. రెండో వైపు మాస్టర్ మాట ఇవ్వాలి: తిండి, బట్ట, నీడ ఇస్తాను, నాకు తెలిసిన విద్య నేర్పుతాను అని. అంటే ఇద్దరికీ బాధ్యతలుండేవి. నేర్పకపోతే కోర్టుకెక్కే దారీ ఉండేది. ఏ నెలలో ఏం నేర్పుతాడన్నది మాత్రం రాసుండేది కాదు. అది మాస్టర్ చేతిలో పనే.

కాగితం బావున్నంత మాత్రాన అంతా బావున్నట్టు కాదు లెండి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంగతే చూడండి. 1718లో పన్నెండేళ్ళ వయసులో బోస్టన్‌లో సొంత అన్న జేమ్స్ ప్రెస్సులో అప్రెంటిస్‌గా సంతకం పెట్టాడు, ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా. అన్న కొట్టేవాడు. 1722లో తమ్ముడు మారుపేరుతో ఒక నడివయసు వితంతువు రాసినట్టు ఉత్తరాలు రాసి రాత్రిపూట ప్రెస్సు తలుపు కింద నుంచి తోసేవాడు. అన్నకి అవెవరివో తెలీదు, మెచ్చుకుని తన పత్రికలో అచ్చేసేవాడు. అదే ఇంట్లో ఉన్నవాడు రాయగలడని ఆయనకి తోచలేదు! 1723లో ప్రభుత్వం జేమ్స్‌ని పత్రిక నడపొద్దంది. ఆయన పత్రికని తమ్ముడి పేరుమీద వెయ్యడానికి పాత దస్తావేజు వెనకాల 'విడుదల' అని రాసిచ్చి, చాటుగా కొత్తది రాయించుకున్నాడు. ఆ చాటు కాగితాన్ని అన్న బయటపెట్టలేడని తమ్ముడికి తెలుసు. అదే ఏడు పారిపోయాడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం మైకేల్ ఫారడే. 1805లో లండన్‌లో జార్జ్ రీబో అనే బైండింగ్ పనాయన దగ్గర ఏడేళ్ళకి చేరాడు. కాగితం ప్రకారం నేర్చుకోవాల్సింది పుస్తకాలు కుట్టడం. కుర్రాడు కుట్టేవాటిని చదవడం మొదలుపెట్టాడు, విద్యుత్తు మీద సొంతంగా ప్రయోగాలు చేసుకున్నాడు. రీబో తిట్టలేదు, చేసుకోనిచ్చాడు. 1812లో ఆ కొట్టుకొచ్చే ఒకాయన హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకి టికెట్లిచ్చాడు. ఫారడే విన్నదంతా రాసుకుని, నేర్చిన విద్యతోనే బైండ్ చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉద్యోగం! మిగతాది మనందరం ఫిజిక్సులో చదువుకున్నదే.

జేమ్స్ దగ్గరా రీబో దగ్గరా ఉన్నది ఇంచుమించు ఒకే రకం కాగితం. తేడా ఎక్కడంటే, ఒకాయన తన ఎదురుగా ఉన్న కుర్రాణ్ణి చూశాడు, ఇంకొకాయన చూడలేదు.

తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి. 1814లో ఇంగ్లండులో ఏడేళ్ళ నియమం రద్దయింది. ఒక్కొక్కడికీ ఒక్కో మాస్టర్ అంటే ఫ్యాక్టరీలకి సరిపడా మనుషులెక్కడ దొరుకుతారు? దీనికి మాస్కోలోని ఇంపీరియల్ టెక్నికల్ స్కూల్‌లో విక్టర్ డెల్లావోస్ అనే ఆయన 1868లో ఒక ఉపాయం కనిపెట్టాడు. వడ్రంగం, కమ్మరం లాంటి పనుల్ని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టి, తేలికదాని నుంచి కష్టమైనదానికి వరసగా పేర్చి, ఒకే టీచరు ఒకేసారి చాలామందికి నేర్పేలా చేశాడు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో దీన్ని చూసి ఎం.ఐ.టి. అధ్యక్షుడు రంకల్ తన కాలేజీలోనూ వర్క్‌షాపు పెట్టించాడు. మనం ఇంజనీరింగ్ మొదటేడు వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకుని అరిగేదాకా రుద్దిన ఇనపముక్క ఆ వంశానిదే :)

నా ఉద్దేశంలో ఇది గొప్ప ఆలోచనే. కానీ ఏం నేర్పాలన్నది ముందే అచ్చయిపోయింది. వచ్చినవాడు ఎవడైనా వరస అదే. మనిషిని చూసే పని తగ్గిపోయింది. నేను పేరు మార్చి పంపిన ఫారం కూడా ఈ వంశంలోదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ ఇంకో దారి పట్టాడు. 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థుల్ని జతలుగా చేశాడు. ఒకడు వారం క్లాసులో ఉంటే జతవాడు ఫ్యాక్టరీలో ఉంటాడు. పై వారం మార్పిడి. ఫ్యాక్టరీలో చేసినదానికీ క్లాసులో చెప్పినదానికీ ముడి వెయ్యడానికి మధ్యలో ఒక మనిషి కావాలన్న ఆలోచన ఇలాంటి చదువుల్లోంచే బలపడింది.

నేర్పేవాడి సగాన్ని మళ్ళీ గట్టిగా కాగితం మీదకి తెచ్చింది జర్మనీ. 1969 వృత్తివిద్యా చట్టం కింద ఒక్కో వృత్తిలో ఏమేం నేర్పాలో ప్రభుత్వమే ఖాయం చేస్తుంది, దాన్నిబట్టి కంపెనీ తన దగ్గరి కుర్రాడికి ప్లాన్ వేసుకోవాలి. కుర్రాడు రోజూ ఏం నేర్చాడో ఒక పుస్తకంలో రాసుకోవాలి. అసలు సంగతి ఇది కాదు. 1972 నుంచి నేర్పేవాడు కూడా నేర్పడం ఎలాగో నేర్చుకుని పరీక్ష పాసవ్వాలన్నారు. పని రావడం వేరు, పని నేర్పడం రావడం వేరు అని చట్టమే ఒప్పుకుందన్నమాట. అప్రెంటిస్ సీట్లు పెరుగుతాయన్న ఆశతో 2003లో ఈ నియమాన్ని పక్కనపెట్టారు. 2009లో మళ్ళీ తెచ్చుకున్నారు.

ఫిన్లాండ్ ఇంకో అడుగు వేసింది. 2018 జనవరి 1 నుంచి అక్కడ వృత్తివిద్యలో చేరిన ప్రతి ఒక్కరికీ విడిగా ఒక ప్లాన్ ఉండాలి. ముందుగా ఆ మనిషికి ఇప్పటికే ఏం వచ్చో గుర్తిస్తారు, అది మళ్ళీ నేర్పరు. ఏం రాదో, అది స్కూల్లో నేర్చుకోవాలా పనిచోటా, ఎవరు సాయం చేస్తారు, వచ్చిందని ఎలా చేసి చూపిస్తారు, ఇవన్నీ రాస్తారు. పనిచోట బాధ్యత తీసుకునే మనిషి ఎవరో కూడా తేల్చాలి.

మరి మన సంగతి? మనకి 1961లోనే అప్రెంటిసుల చట్టం వచ్చింది. అందులో కుర్రాడు శ్రద్ధగా నేర్చుకోవాలని ఎలా ఉందో, యజమానికి తనకి ఆ పని రాకపోతే తగిన అర్హత ఉన్నవాణ్ణి నేర్పడానికి పెట్టాలని కూడా అలాగే ఉంది. ఒక్కొక్క అప్రెంటిస్ ప్రగతికీ రికార్డు ఉంచాలని ఉంది. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడే గానీ పనివాడు కాడనీ ఉంది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులూ ఇందులోకి వచ్చారు. కాబట్టి రెండో సగం మన చట్టంలోనూ లేకపోలేదు. కానీ చట్టంలో ఉన్నది నా ఫారంలో లేదు. అందులో "నేర్చుకోవాల్సినవి", "గడువు", "పూర్తయిందా" అని మూడు గడులు. మూడూ ఆ అమ్మాయివే. గడువు దాటితే తప్పు ఎవరిదో ఆ గడులే చెప్పేస్తాయి. నేను వారాల తరబడి తన కోడ్ చూడకపోయినా ఆ కాగితం ప్రకారం నేను మచ్చలేనివాణ్ణి. జేమ్స్ ఫ్రాంక్లిన్‌కి కూడా ఇంత సుఖం లేదు!

కాగితం ఉంటే అంతా బాగుపడుతుందని నేననను. రీబోకి ఫారం లేదు. కానీ ప్రతివాడికీ రీబో దొరకడు. దొరకనివాడికి చేతిలో పట్టుకుని నిలదీయడానికి ఒక ముక్క ఉండాలి. ఆ అమ్మాయి ఆ రోజు చేసింది అదే కదా.

ఇప్పుడు మేమిద్దరం ఆ ఫారం పక్కన ఇంకో కాగితం పెట్టుకున్నాం. అసలు ఫారంలో గడి కలపడానికి సిస్టమ్ ఒప్పుకోదు లెండి. అందులో మొదటి వరస తనకి ఇప్పటికే ఏమేం వచ్చో. రాస్తుంటే తెలిసింది, మూడు నెలలుగా నేను చదవమన్నవాటిలో రెండు తను ఫైనలియర్ ప్రాజెక్టులోనే చేసేసింది. రెండో వరస నాది: ప్రతి గురువారం గంటసేపు తన కోడ్ పక్కన కూర్చుని చూడటం. మూడోది కూడా నాదే, ప్రశ్న అడిగితే కీబోర్డు లాక్కోకుండా చెప్పడం నేర్చుకోవాలి. దాని ఎదురుగా "పూర్తయిందా" గడి తన చేతిలో ఉంది. ఇంకా టిక్కు పెట్టలేదు.

మీరూ ఎవరికైనా మెంటార్ అయితే ఒకసారి మీ ఫారం తీసి చూడండి. అందులో మీ పేరు ఎదురుగా ఏముంది?